పదమూడో నంబరు జత

బల్ల మీద కంప్యూటరు, కెమెరా. వెనక గోడకి మేకులు కొట్టి కట్టిన నీలం గుడ్డ. ఆ బల్ల కిందికి దూరి, మోకాళ్ళు పట్టేస్తున్నా లెక్కచెయ్యకుండా, టెలిఫోన్ లైన్‌మన్ గోడలోని సాకెట్‌ని పన్నెండోసారి విప్పుతున్నాడు. విప్పినా అందులో దొరికేదేమీ లేదని ఆయనకి తెలుసు. ఇల్లాలు పాపం టార్చి పట్టుకుని పక్కనే నిలబడింది.

“కేబుల్ పెట్టించుకో చెల్లెమ్మా. నా మాట విను.”

“ఏంటీ?”

“కేబుల్. టీవీ వాళ్ళ కేబుల్. ఇంటర్నెట్ కూడా దాంట్లోనే ఇస్తున్నారుగా ఇప్పుడు.”

“అన్నయ్యా, టార్చి ఒకసారి మీ మొహం మీద వెయ్యనా? మాట్లాడేది మీరేనా కాదా చూడాలి.”

“నేనేలే. సాకెట్ మీదికి పట్టు.”

“చొక్కా జేబు మీద టెలిఫోన్ బొమ్మ కుట్టించుకుని కేబుల్ అమ్ముతున్నారా? మీ ఆఫీసులో తెలిస్తే జేబుతో సహా కత్తిరించేస్తారు.”

“అమ్మట్లేదు. నీ మంచికే చెప్తున్నా.”

“ఏడాది కిందట కూడా నా మంచికే చెప్పారుగా, ఇదే బల్ల దగ్గర! ‘కేబుల్ అంటే వీధంతటికీ ఒకటే లావుపాటి తీగ చెల్లెమ్మా. సాయంత్రమయ్యేసరికి అందరూ సినిమాలు పెట్టుకుంటారు, నీ వంతు వచ్చేసరికి చుక్క రాదు. టెలిఫోన్ అయితే నీ రెండు తీగలు నీవే. ఎక్స్చేంజీ దాకా మధ్యలో ఎవడూ వేలు పెట్టడు’ అన్నారు. అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పానా?”

“అప్పజెప్పావు.”

“మరి?”

“ఎవడూ వేలు పెట్టడని అన్నానా?”

“అన్నారు.”

“అప్పటికి అది నిజమేలే.”

“ఇప్పుడు అబద్ధమైందా?”

“పాతబడింది. తీగ పాతబడింది. నేనూ పాతబడ్డాను. ఆ స్క్రూ ఇలా ఇవ్వు. అయినా నీ పనికి కేబులే నయం చెల్లెమ్మా. మామూలు జనానికి బయటి నుంచి వచ్చేది ఎక్కువ, ఇంట్లోంచి పంపేది తక్కువ. నీకు అలా కుదరదు. వినబడనివాళ్ళకి నువ్వు సైగల్లో చెప్పాలి, నీ వేళ్ళు అవతలివాళ్ళకి స్పష్టంగా కనబడాలి. మా తీగలో వచ్చే దారి రోడ్డంత ఉంటే పోయే దారి సందంత. కేబుల్‌లో ఆ సందు కాస్త వెడల్పు.”

“సాయంత్రం నెమ్మదించదూ?”

“నీ కాల్స్ అన్నీ పొద్దునే కదా. పొద్దున్నే పనీపాటా మానుకుని సినిమాలు చూసేదెవరు?”

“మా అత్తయ్య.”

“నన్నేనా అమ్మాయ్?”

“ఏం లేదత్తయ్యా! మీరు పడుకోండి.”

“పడుకుంటే వినబడదనుకున్నావా? కేబుల్ అంటున్నాడు కదూ ఆ అబ్బాయి? పెట్టించెయ్ నాయనా, పెట్టించెయ్. టీవీ కూడా వస్తుంది. ఈ యాంటెన్నాకి ఒక్కో మనిషికీ రెండేసి మొహాలు కనబడుతున్నాయి, ఎవరు ఏడుస్తున్నారో ఎవరు నవ్వుతున్నారో తెలియట్లేదు.”

“చూడు, పెద్దమ్మ కూడా అదే అంటున్నారు.”

“కరెంటు పోతే కేబుల్ వాళ్ళ ఫోన్ కూడా పోతుంది అత్తయ్యా. టెలిఫోన్ తీగ అయితే మోగుతుంది. అదీ అన్నయ్యే చెప్పారు.”

“అది మాత్రం నిజమే పెద్దమ్మా. మా ఫోనుకి కరెంటు ఎక్స్చేంజీ నుంచే వస్తుంది. ఇల్లంతా చీకటైనా పలుకుతుంది.”

“ఏం పలకడం నాయనా! ఎత్తితే గరగర, పెడితే గరగర. మూడు నెలలుగా ఎవరి మాటా వినబడట్లేదు. ఈవిడ కంప్యూటరు కూడా పడుతూ లేస్తూ ఉంది. నెలరోజులుగా పని కూడా లేదు. సెలవంటుంది. ఎవరిచ్చారో ఆ సెలవు! తిండి లేదు, నిద్ర లేదు. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా చూడకుండా నిలబడి, చేతులు ఇలా ఇలా తిప్పుకుంటూ...”

“అత్తయ్యా! మాత్రలు వేసుకున్నారా మీరు?”

“వేసుకున్నాను.”

“బీపీదీ?”

“అదే... చూస్తాను ఉండు. నన్ను పంపించెయ్యాలంటే మాత్రల పేరెత్తుతుంది నాయనా ఇది.”

“వెళ్ళారు. అన్నయ్యా, ఇక ఆ సాకెట్ వదిలేసి బయటికి రండి.”

“అయిపోవచ్చింది, ఇంకో స్క్రూ...”

“సాకెట్‌లో ఏం లేదని నాకూ తెలుసు.”

“...ఏం తెలుసు?”

“పదకొండుసార్లు విప్పారు. సాకెట్ మార్చారు, లోపలి తీగ మార్చారు, మీ సొంత సంచీలోంచి కొత్త ఫిల్టర్ తెచ్చి పెట్టారు. ఇంతమంది ఇళ్ళకి తిరిగే మనిషి ఒక్క ఇంటికి పదకొండుసార్లు ఎవరొస్తారు? తోడబుట్టినవాళ్ళు కూడా రారు. సాకెట్‌లో ఉంటే మీకు ఎప్పుడో దొరికేది. అందుకని, ఇది కాదు ఇప్పుడు నాకు కావల్సింది. లేవండి. చెయ్యందించనా?”

“వద్దు, వద్దు. లేస్తాను. అబ్బా... ఏం కావాలి చెప్పు. కేబుల్ వాళ్ళని నేనే పంపిస్తాను. రేపు పొద్దునకల్లా పెట్టిస్తా. పెట్టే ఖర్చు నాకు వదిలెయ్.”

“మళ్ళీ కేబుల్! ఏంటన్నయ్యా మీకివాళ? నాకు కేబుల్ వద్దు. ఇప్పుడసలు వద్దు. ఈ సమయంలో లైన్ మారిస్తే ఏదో దాచడానికే మార్చానంటారు.”

“ఎవరంటారు? దాచడమేంటి?”

“నాకొక కాగితం రాసివ్వాలి మీరు.”

“ఏం కాగితం?”

“ఫలానా రోజు పొద్దున ఈ ఇంటి టెలిఫోన్ లైన్‌లో లోపం ఉంది అని. మీ సంతకం, మీ ఉద్యోగం నంబరు. అంతే. రెండు వాక్యాలు. ఇవాళ నాలుగింటికల్లా నాకు ఈ కాల్స్ ఇచ్చే సెంటర్‌కి పంపాలి.”

“అలా రాసివ్వడానికి నాకు అధికారం లేదు చెల్లెమ్మా. ఇంజనీరు గారు ఇవ్వాలి.”

“అయితే ఆయన దగ్గరికే వెళ్తాను.”

“వద్దు!”

“ఎందుకంత అరిచారు?”

“అరవలేదు. ఆయన... అంత తేలిగ్గా ఇవ్వడు. కాగితం ఇవ్వాలంటే వీధి మొదట్లో ఉన్న పెట్టె తెరిపిస్తాడు. ఏ తీగ ఏ ఇంటికి పోతోందో మొత్తం సరిచూస్తాడు. వారం పడుతుంది. నీకు నాలుగింటికి కావాలంటున్నావు.”

“అందుకే మిమ్మల్ని అడుగుతున్నా.”

“ఇంతకీ మీ సెంటర్ వాళ్ళకి ఎందుకు ఇదంతా? లైన్ బాగోలేదు, పని చెయ్యలేకపోతున్నా, బాగయ్యాక చేస్తానంటే సరిపోదూ?”

“సెలవు కాదన్నయ్యా ఇది. నన్ను ఆపేశారు. విచారణ నడుస్తోంది. అత్తయ్యకి తెలియదు. ఎవరికీ చెప్పలేదు.”

“విచారణా? నీ మీదా? లైన్ పోయినందుకా?”

“లైన్ పోయినప్పుడు జరిగినదానికి.”

“ఏం జరిగింది?”

“కూర్చోండి. ఆ కుర్చీలో కాదు, అది నా కాల్స్ కుర్చీ. ఇలా కూర్చోండి.”

“కూర్చున్నా. చెప్పు.”

“ఒక వడ్రంగి. వినబడదు, మాట రాదు. పుట్టుకతోనే. కుడి మణికట్టు దగ్గర కాయలాంటిది లేచింది, ఆపరేషన్ చెయ్యాలి. డాక్టర్ ఆసుపత్రిలో, ఆయన ఎదురుగా ఈయన, మధ్యలో తెర మీద నేను. డాక్టర్ మాట నేను సైగల్లో ఈయనకి చెప్పాలి, ఈయన సైగ నోటితో డాక్టర్‌కి చెప్పాలి. రోజూ చేసే పనే.”

“ఊఁ.”

“ఆయన గుండె కోసం ఏదో మాత్ర వేసుకుంటాడు. రక్తం గడ్డకట్టకుండా. ఆపరేషన్‌కి అయిదు రోజుల ముందు అది ఆపెయ్యాలి, లేకపోతే కోసినచోట రక్తం ఆగదు. డాక్టర్ ఆ సంగతి చెప్తున్నారు. ఈలోగా...”

“లైన్ పోయింది.”

“పోయింది.”

“తర్వాత?”

“తర్వాత ఏముంది? ఆపమన్నారని ఆయనకి తెలియలేదు. రోజూ వేసుకున్నట్టే వేసుకున్నాడు. ఆపరేషన్ రోజు ఆసుపత్రిలో కాగితం ఇచ్చారట, ‘డాక్టర్ చెప్పినట్టే మందులు వాడారా’ అని. వాడానని టిక్కు పెట్టాడు పాపం. తనకి చెప్పినట్టే చేశాననుకున్నాడు.”

“అయ్యో! బతికే ఉన్నాడా?”

“బతికే ఉన్నాడు. పదకొండు రోజులు ఉంచారు. రక్తం ఆగక లోపలే పేరుకుని నరం నలిగిందట. కుడిచేతి మూడు వేళ్ళు ముడుచుకోవట్లేదు.”

“వడ్రంగికి చెయ్యి...”

“వడ్రంగి పని ఎలాగూ పోయింది. దాని గురించి కాదన్నయ్యా. ఆయనకి చెయ్యే నోరు. పెళ్ళాంతో మాట్లాడాలన్నా, పిల్లల్ని కోప్పడాలన్నా ఆ వేళ్ళే. ఇప్పుడు ఆయన మాట్లాడితే నత్తిగా ఉంటుందట. వాళ్ళావిడ రాసింది సెంటర్‌కి. ‘మా ఆయన మాట సగమే అర్థమవుతోంది’ అని.”

“ఊరుకో. ఊరుకో చెల్లెమ్మా. ఏడవకు. నీ తప్పేముంది ఇందులో? రికార్డు ఉంటుందిగా, వాళ్ళే చూసుకుంటారు.”

“రోగి విషయాలు రికార్డు చెయ్యకూడదు. రూలు. డాక్టర్ చెప్పానంటున్నారు, వడ్రంగి తనకి ఆపమని చెప్పలేదంటున్నాడు. మధ్యలో ఉన్నది నేనొక్కదాన్నే. ఇంటి నుంచి పని చేస్తామని చేరేటప్పుడు ఒక ఫారం ఇస్తారు, మీ ఇంట్లో కేబులా, టెలిఫోన్ లైనా అని. కేబుల్ ఉంటే మంచిదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను టెలిఫోన్ దగ్గర గీత పెట్టాను.”

“నా మాట మీద.”

“మీ మాట మీదే. మిమ్మల్ని అనట్లేదు. అప్పుడు లైన్ బాగానే ఉంది. ఇప్పుడు వాళ్ళు అడుగుతున్నది అదే, లైన్ లోపమని రుజువేంటి అని. నిజంగా లైన్ లోపమైతే నామీద మచ్చ ఉండదు. కాదంటే నా సర్టిఫికెట్ లాగేసుకుంటారు. ఇంకెక్కడా ఈ పని చెయ్యలేను. పన్నెండేళ్ళ పని అన్నయ్యా. నాకు ఇంకో పని రాదు.”

“ఏ రోజు ఇది?”

“మూడు నెలల కిందట. మంగళవారం. మీకు గుర్తుండే ఉంటుంది, మీ అమ్మాయి ఉద్యోగానికి కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ ఇచ్చిన రోజే. మర్నాడు వచ్చి వీధంతా చాక్లెట్లు పంచారుగా. అన్నయ్యా?”

“ఎన్నింటికి?”

“ఏంటి?”

“లైన్ ఎన్నింటికి పోయింది?”

“తొమ్మిదీ యాభై అయిదు. తెర మీద గడియారం ఉంటుంది, దాన్నే చూస్తూ ఉన్నాను.”

“కాసిని మంచినీళ్ళు ఇస్తావా?”

“ఇవిగో. ఏమైంది? చెమటలు పట్టాయేంటి?”

“ఏం లేదు. నువ్వు కాగితం అడగొద్దు చెల్లెమ్మా. ఇంకేమైనా అడుగు.”

“నాకు కావల్సింది ఆ కాగితమే. ఒక్క మాట రాస్తే సరిపోదన్నయ్యా, ఇంకోటి కూడా రాయాలి. తెగడానికి ముందు కూడా, ఒక పది నిమిషాల నుంచీ, బొమ్మ ఆగి ఆగి వస్తూ ఉండొచ్చు అని. అలా జరుగుతుందిగా? పోబోయే ముందు తీగ కాసేపు సతాయిస్తుందిగా?”

“సతాయించదు.”

“ఒక్కోసారి...”

“ఆరోజు సతాయించలేదు.”

“మీకెలా తెలుసు?”

“తెలుసు.”

“ఎలా తెలుసు అంటున్నా?”

“అది పోలేదు చెల్లెమ్మా. తెగలేదు. నేను తీశాను.”

“...ఏంటీ?”

“నేనే తీశాను. ఈ చేత్తోనే.”

“ఏం తీశారు? నాకర్థం కావట్లేదు.”

“వీధి మొదట్లో పెట్టె ఉందిగా. అందులో ఇరవై జతల తీగలున్నాయి. ఫోనుకి రెండు తీగలు, దాన్ని జత అంటాం. అన్నీ మా నాన్నల కాలంనాటివి. తొమ్మిది చచ్చిపోయాయి, మిగిలిన పదకొండులో సగం గరగర. అన్నిటికన్నా శుభ్రంగా ఉండేది పదమూడో నంబరు జత. ఏడాది కిందట అది ఏరి నీకే ఇచ్చాను. సైగల పని, మంచి తీగ కావాలి, పుణ్యమని.”

“మరి?”

“మా ఇల్లు వెనక సందులోనే కదా. మాదీ అదే పెట్టె. మాకున్నది పెట్టెలోకెల్లా చెత్త జత. లైన్‌మన్ ఇంటికి ఎలా ఉంటే ఏంలే అని నేనే పెట్టుకున్నా. ఆరోజు మా అమ్మాయికి పదింటికి ఇంటర్వ్యూ. మూడేళ్ళుగా తిరుగుతోంది ఉద్యోగానికి. తొమ్మిదిన్నరకి కూర్చుంది, బొమ్మ వస్తోంది పోతోంది. ‘నాన్నా, ఏదో ఒకటి చెయ్యి’ అంటూ ఏడుపు మొదలెట్టింది. నేను పరిగెత్తాను. పెట్టె తెరిచాను. నీ జత తీసి మాకు పెట్టాను, మాది తీసి నీకు పెట్టాను. ఒక్క రోజుకే. ఒక్క గంటకే అనుకున్నా! ఇంటర్వ్యూ కాగానే మళ్ళీ మార్చేద్దామనుకున్నా.”

“తొమ్మిదీ యాభై అయిదుకి.”

“గడియారం నేనూ చూశాను. అయిదు నిమిషాలే ఉందని.”

“మళ్ళీ మార్చలేదు.”

“లేదు.”

“మూడు నెలలు!”

“ఉద్యోగం వచ్చింది. మూడు నెలలు ఇంటి నుంచే చెయ్యమన్నారు, బాగా చేస్తే ఖాయం చేస్తామన్నారు. రేపు మారుద్దాం, ఈ వారం గడవనీ, ఈ నెల కానీ అనుకుంటూ...”

“అనుకుంటూ నా ఇంటికి పదకొండుసార్లు వచ్చారు! సాకెట్ విప్పారు! నా చేత టార్చి పట్టించారు! అత్తయ్య చేత టీ పెట్టించుకుని తాగారు! గోడలో ఏం లేదని తెలిసి, తెలిసి... మీకు సిగ్గనిపించలేదా?”

“అనిపించింది. అందుకే వచ్చేవాణ్ణి.”

“ఇదేం మాటండీ!”

“నిజమే చెప్తున్నా. రాకుండా ఉండలేకపోయాను. ఏదో ఒకటి విప్పి బిగిస్తే కాస్త తేలిగ్గా ఉండేది. నీ పని కాస్త కుంటుపడుతోందని, అంతే అనుకున్నా. కేబుల్ పెట్టిస్తే నువ్వు బాగుపడతావు, నేనూ బయటపడతాను అనుకున్నా. ఆ నిమిషంలో నువ్వు అలాంటి కాల్‌లో ఉన్నావని... ఒక మనిషి చెయ్యి పోతోందని... నాకేం తెలుసు చెల్లెమ్మా! తీగ లాగేముందు తొంగి చూడమని ఎవరైనా చెప్పారా?”

“ఎవరో మాట్లాడుకుంటూ ఉంటారని తెలియదూ?”

“తెలుసు. చెవికి ఫోన్ పెట్టుకుని ఖాళీగా ఉందో లేదో విని అప్పుడు తీయాలి. ముప్ఫై నాలుగేళ్ళుగా అలాగే తీశాను. ఆ ఒక్కరోజు వినలేదు. వింటే తీయలేనని వినలేదు. తిట్టు. తిట్టమ్మా. అలా చూస్తూ కూర్చోకు.”

“అయితే నా లైన్ ఆ నిమిషం దాకా బాగానే ఉందన్నమాట.”

“అద్దంలా ఉంది. ఆ జత ఎప్పుడూ సతాయించలేదు.”

“అంతకుముందు పది నిమిషాలు కూడా?”

“పది నిమిషాలేంటి, తొమ్మిది నెలలు చూసుకో. మచ్చ లేదు. నీ లైన్‌లో తప్పు లేదు, నీలోనూ లేదు. అంతా నాదే. కాగితం ఇలా ఇవ్వు.”

“ఎందుకు?”

“రాస్తాను.”

“ఏమని రాస్తారు?”

“ఉన్నదున్నట్టు. కలం ఏదీ? ఇది రాస్తోందా?”

“అన్నయ్యా, ఆగండి. ఉన్నదున్నట్టు రాస్తే మీ ఉద్యోగం?”

“పోతుంది.”

“ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నారు కదా మీరు. పెన్షనూ?”

“అదీ పోతుందేమో. అమ్మాయి ఉద్యోగం కూడా ఏమవుతుందో. పోనీ. ఆ వడ్రంగి చేతికన్నా ఎక్కువా? మూడు నెలల నుంచి అన్నం లోపలికి పోవట్లేదు. నిజం చెప్పాక ఇప్పుడే కాస్త ఊపిరాడుతోంది. రాయనీ.”

“వద్దు.”

“నీకు నాలుగింటికి కావాలన్నావు కదా! ఇదిగో, రాస్తున్నా. ‘పై తేదీన తొమ్మిదీ యాభై అయిదు నిమిషాలకి, ఎవరి అనుమతీ లేకుండా, ఈ ఇంటి జతని నేను నా సొంత అవసరానికి తీసివేశాను. ఆ కారణంగా...’ ఆ కారణంగా... ఎలా రాయను? డాక్టర్ గారి మాట రోగికి అందలేదు అని రాయనా, సగమే అందింది అని రాయనా? చెప్పమ్మా. సగమే అంటే నీకు మళ్ళీ ఇబ్బందేమో. అందలేదు అనే రాస్తా. ‘...అందలేదు. ఆ వడ్రంగి చేతికి జరిగినదానికి పూర్తిగా నేనే కారణం. ఇంకెవరి తప్పూ లేదు.’ బాగుందా? సంతకం పెట్టేస్తాను. ఆయన ఇల్లెక్కడో కూడా చెప్పు. సరాసరి అక్కడికే పోతా. ఆయన ముందు కూర్చుంటా. నువ్వు వచ్చి నా మాట ఆయనకి సైగల్లో చెప్పాలి, ఆ ఒక్క సాయం చెయ్యి చెల్లెమ్మా. ‘నీ చెయ్యి పాడుచేసింది నేనే’ అని...”

“చాలు!”

“ఏమైంది?”

“కలం కింద పెట్టండి. సంతకం పెట్టొద్దు.”

“పెట్టనీ. నేను భయపడట్లేదు.”

“మీ గురించి కాదు! మీరు తీగ తీసేసరికి డాక్టర్ గారు ఆ మాత్ర సంగతి దాటి చాలాదూరం వెళ్ళిపోయారు.”

“దాటి అంటే?”

“ఎన్నింటికి రావాలి, ఎవర్ని తోడు తెచ్చుకోవాలి, అవి చెప్తున్నారు. అప్పుడు పోయింది లైన్.”

“మరి మాత్ర మాట?”

“ముందే అయిపోయింది.”

“అయిపోతే ఆయనకి అందినట్టే కదా? మరి ఎందుకు వేసుకున్నాడు?”

“అందింది. నా చేతులు చెప్పింది అందింది.”

“నాకర్థం కావట్లేదు చెల్లెమ్మా.”

“రోజుకి పాతిక కాల్స్ అన్నయ్యా. ఏ డాక్టరైనా మాత్ర పేరెత్తాక అనేది ఒకటే, రోజూ వేసుకోండి, మానొద్దు అని. వేలసార్లు చెప్పిన మాట. ఆరోజు కూడా డాక్టర్ గారు మాత్ర పేరెత్తగానే నా చేతులు ఆగలేదు. ‘రోజూ వేసుకోవాలి, మానకూడదు’ అని చెప్పేసి ఆయన మాట కోసం చూస్తున్నాయి. అప్పుడన్నారు డాక్టర్ గారు, అయిదు రోజులు ఆపెయ్యాలి అని.”

“వినబడలేదా నీకు?”

“శుభ్రంగా వినబడింది. అద్దంలా అన్నారు కదా మీరు.”

“మరి అక్కడే దిద్దుకోలేదా?”

“ఆయన ఆగకుండా చెప్పుకుపోతున్నారు. మధ్యలో ఆపి, నేను తప్పు చెప్పానండీ అనడానికి నోరు రాలేదు. పన్నెండేళ్ళలో ఎప్పుడూ అనలేదు ఆ మాట. చివర్లో మెల్లగా సర్దేద్దాం, ఎవరికీ తెలియకుండా సర్దేద్దాం అనుకుని గడియారం చూసుకుంటూ కూర్చున్నా.”

“చివర్లో సర్దేలోపు నేను లాగేశాను! అయితే మళ్ళీ నాదేగా తప్పు? నేను లాగకపోతే నువ్వు దిద్దేదానివి. అదే రాస్తాను, ఆ మాటే రాస్తాను...”

“ఇరవై నిమిషాలకి లైన్ మళ్ళీ వచ్చింది అన్నయ్యా. గరగరమంటూనే వచ్చింది. సెంటర్ వాళ్ళు అడిగారు, ‘ఆయన ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు, చెప్పాల్సింది ఏమైనా మిగిలితే కలుపుతాం, మిగిలిందా’ అని. ఏమీ మిగల్లేదు, అంతా చెప్పేశానన్నాను.”